మంచం మీద మామయ్య, తాజా కలంలో అత్తయ్య

కార్ఖానా, సికింద్రాబాద్
ఫిబ్రవరి 9

చిరంజీవి జెరూషాకు,

ప్రభువు నామమున శుభములు. మామయ్య పేతురు మంచం మీద పడుకుని చెప్పగా, మీ మేనత్త దేవకృప కుర్చీలో కూర్చుని రాస్తున్న ఉత్తరం ఇది. చెప్పేది నేను, రాసేది ఆమె. కాబట్టి దస్తూరీలో లోపాలుంటే ఆమెవి, భాషలో గొప్పతనం ఉంటే నాది.

నా రిపోర్టు వాట్సాప్‌లో పంపిస్తే నువ్వు తెరవనైనా తెరవలేదు. "మామయ్యా, నేను రిపోర్టులకు వైద్యం చెయ్యను. మీకేమవుతోందో కాగితం మీద రాసి పోస్టులో పంపండి, అది చదివి మాట్లాడతాను" అన్నావు. విశాఖపట్నంలో కీళ్ల జబ్బుల డాక్టరుగా నీకు చాలా పేరుందనీ, నీ గది ముందు జనం పొద్దున్నే వచ్చి కూర్చుంటారనీ మీ నాన్న సైలస్ చెబుతుంటాడు. అలాంటిదానివి ఈ రోజుల్లో ఉత్తరం అడగడం విచిత్రమే. అయినా మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, రాతపరీక్షకు వెనకాడతానా?

ఇక విషయం. కిందటి నెల మా వీధి చివర ఖాళీ స్థలంలో ఎవరో టెంటు వేసి ఆరోగ్య శిబిరం పెట్టారు. కీళ్లవాతాల ప్యాకేజీ అట. ముందుచూపు ఉన్నవాణ్ణి కనుక మీ అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లి ఇద్దరికీ చేయించాను. మీ అత్తయ్యకు ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, ఏఎన్‌ఏ నెగటివ్, అన్నీ నెగటివే. ఫస్టు క్లాసులో పాసయింది. నా దగ్గరికి వచ్చేసరికి ఏఎన్‌ఏ పాజిటివ్, ఒకటికి ఎనభై అని ఎర్ర అక్షరాల్లో వేశారు. నా పేరు పక్కన ఎర్ర సిరా పడటం జీవితంలో ఇదే మొదటిసారి. ఇంటర్నెట్‌లో చూస్తే ఇది మూత్రపిండాల దాకా పోతుందని రాసి ఉంది. ఆ రోజు నుంచి నేను మంచం దిగలేదు, భోజనానికి తప్ప.

నాకేమవుతోందని అడిగావు. ఏమీ కావడం లేదు. నొప్పి లేదు, జ్వరం లేదు. అదే నా భయం. పైకి ఏమీ తెలియకుండా లోపల పని కానిచ్చేస్తోందంటే అది ఎంత తెలివైన జబ్బో ఆలోచించు.

వెంటనే జవాబు రాయి. ఆలస్యమైతే చదవడానికి నేను ఉంటానో లేదో.

నీ మేలు కోరే,
మామయ్య పేతురు

తా.క. ఇది నేను, అత్తయ్యను. మామయ్య బాగానే ఉన్నారు. భోజనానికి దిగుతారని రాయించారు గానీ, చేపల పులుసు వండిన రోజు పిలవకముందే దిగుతారని రాయించలేదు. నా దస్తూరీ చూసి నవ్వకు. పొద్దున లేవగానే వేళ్లు కొయ్యబారిపోతున్నాయి, పదకొండు దాటితే గానీ నా మాట వినవు. అందుకే ఈ ఉత్తరం మధ్యాహ్నం రాస్తున్నాను.

*

విశాఖపట్నం
ఫిబ్రవరి 18

గౌరవనీయులైన మామయ్యకు,

జెరూషా వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు జబ్బు లేదు.

ఇంత చిన్నగా చెబితే మీరు నమ్మరని తెలుసు కాబట్టి కొంచెం పెద్దగా చెబుతాను. రోగక్రిములతో పోరాడటానికి మన రక్తంలో ప్రతిరక్షకాలు అనేవి ఉంటాయి. కొందరిలో అవి దారి తప్పి సొంత ఒంటి మీదికే వెళ్తాయి. అలా దారి తప్పినవి ఉన్నాయేమోనని చూసే పరీక్షే మీ ఏఎన్‌ఏ. చిక్కేమిటంటే, ఏ జబ్బూ లేకుండా హాయిగా తిరిగేవాళ్లలో కూడా ఒకటికి ఎనభై చాలామందికి వస్తుంది. పదిమందిని నిలబెట్టి చేస్తే ఒకరికైనా కనిపిస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. వీధిలో కుక్క మొరిగినంత మాత్రాన ఇంట్లో దొంగ పడినట్టు కాదు కదా, ఇదీ అంతే. బాధ ఉన్న మనిషిని డాక్టరు చూసి, అనుమానం వచ్చాక చేయించాల్సిన పరీక్ష అది. టెంటు వేసి, వచ్చినవాళ్లందరికీ చెయ్యి చాపించి చేసేది కాదు.

అందుకే నేను రిపోర్టు అడగను, మనిషి కథ అడుగుతాను. ఎండలోకి వెళ్తే మొహం మీద దద్దుర్లు వస్తున్నాయా? జుట్టు కుచ్చులుగా రాలుతోందా? నోట్లో పుండ్లు పడుతున్నాయా? పొద్దున్నే కీళ్లు గంటసేపు బిగుసుకుపోతున్నాయా, వాస్తున్నాయా? ఇవేవీ లేకపోతే ఆ కాగితాన్ని బీరువాలో పడేసి మంచం దిగండి. పరీక్ష మాత్రం మళ్లీ చేయించకండి.

వందనాలతో,
జెరూషా

తా.క. అత్తయ్యా, మీ రిపోర్టులన్నీ బాగున్నాయట, చాలా సంతోషం. దస్తూరీ సంగతంటారా, మీరు కళ్లజోడు మార్పించుకుని ఎన్నేళ్లయిందో. ఒకసారి చూపించుకోండి. నా చిన్నప్పుడు నాకు హార్మోనియం నేర్పిన వేళ్లు అవి, వాటిని చూసి నవ్వుతానా?

*

కార్ఖానా, సికింద్రాబాద్
మార్చి 14

చిరంజీవి జెరూషాకు,

శుభములు. నీ ప్రశ్నపత్రం అందింది. ఒక్క ప్రశ్న కూడా వదలకుండా జవాబులు రాయిస్తున్నాను.

జుట్టు రాలిందా అన్నావు. రాలింది, మొత్తం. కావాలంటే నీ పెళ్లి ఫొటోలు తీసి చూసుకో. నోట్లో పుండు కూడా పడింది, మీ అత్తయ్య పాత ఆవకాయ జాడీ అడుగు తీసిన రోజున. ఎండలో దద్దుర్ల సంగతి తెలియదు, ఎందుకంటే నువ్వు అడిగిన దగ్గర్నుంచి నేను ఎండలోకి వెళ్లడమే మానేశాను. కూరగాయలకు మీ అత్తయ్యే వెళ్లి సంచీ మోసుకొస్తోంది. ఇక పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోవడం అన్నావు చూడు, అది నూటికి నూరుపాళ్లు నాకే రాసినట్టుంది. ఆరింటికి మెలకువ వస్తుంది, ఏడింటికి గానీ లేవలేకపోతున్నాను. ఇన్నిటికి అవునని జవాబు వచ్చాక కూడా జబ్బు లేదంటావా? నా స్కూల్లో అయితే ఇలాంటి పిల్లవాణ్ణి పైతరగతికి పంపేవాళ్లం.

కుక్క సంగతి రాశావు. పక్కింటి తుకారాం గారి కుక్క నిన్న తెల్లవార్లూ మొరిగింది. నువ్వు ఆ మాట రాసిన దగ్గర్నుంచి అది మొరిగినప్పుడల్లా నాకు నా రిపోర్టే గుర్తొస్తోంది.

తుకారాం గారంటే రైల్వేలో రిటైరైన మనిషి, మంచివాడే, కాకపోతే కంగారు ఎక్కువ. నన్ను చూడటానికి వచ్చి, "సార్, మన రెండిండ్లకు గోడ ఒక్కటే ఉండె. మీకొచ్చిందంటే నాకు సుత వస్తది గదా?" అని అడిగి, నేను అంటువ్యాధి కాదని చెప్పేలోపే వెళ్లి ఆ శిబిరం పెట్టిన ల్యాబు మనిషినే ఇంటికి పిలిపించి రక్తం ఇచ్చాడు. నెగటివ్ వచ్చింది. అప్పటి నుంచి అతను నా మంచం దగ్గర కూర్చునే తీరులో కొంచెం గర్వం కనిపిస్తోంది.

మన పాస్టరు డేవిడ్ రాజు గారికి కూడా కబురు చేశాను. ఆదివారం ఆరాధనలో రోగుల కోసం చదివే ప్రార్థన మనవుల్లో నా పేరు పెట్టారు. జబ్బు పేరు నోరు తిరగక "హెడ్మాస్టరు గారికి వచ్చిన ఇంగ్లీషు వ్యాధి నిమిత్తం" అన్నారు. దాంతో బుధవారం మా ఇంట్లోనే స్వస్థత కూడిక పెట్టారు. నలభైమంది వచ్చారు. నేను కళ్లు మూసుకుని పడుకుని తల మీద అందరి చేతులూ వేయించుకున్నాను. మీ అత్తయ్య పులిహోర చేసి, రెండు విడతల టీ ఇచ్చింది. వెళ్లేటప్పుడు అందరూ "పాపం, హెడ్మాస్టరు గారు" అన్నారు. నిజమే, పాపం, అని నాకూ అనిపించింది.

నీ మేలు కోరే,
మామయ్య పేతురు

తా.క. జెరూషా, మామయ్య ఏడింటిదాకా లేవనిది కాఫీ రానందుకు. కాఫీ రానిది నాకు ఆ పొడి డబ్బా మూత తిరగనందుకు. నిన్న గోడ మీదుగా అందిస్తే తుకారాం గారు తీసి ఇచ్చారు. నలభైమందికి టీ పోసినదాన్ని ఒక్క మూత తీయలేకపోయానేమిటా అని నవ్వొచ్చింది. నువ్వు చెప్పినట్టే కళ్లజోడు మార్పించుకున్నాను. ఇప్పుడు నా అక్షరాలు ఎంత వంకరగా ఉన్నాయో చాలా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

*

విశాఖపట్నం
మార్చి 25

గౌరవనీయులైన మామయ్యకు,

జెరూషా వందనాలు. మీ జవాబుపత్రం దిద్దాను. సున్నా మార్కులు.

బట్టతల జుట్టు రాలడం కిందికి రాదు. ఆవకాయ పుండు నేను అడిగిన పుండు కాదు. కాఫీ కోసం పడుకుని ఎదురుచూడటాన్ని ఏ పుస్తకంలోనూ కీళ్లు బిగుసుకోవడం అనరు. మామయ్యా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, మీరు ఆరోగ్యంగా ఉన్నారు. ఇలా మంచం మీదే ఉంటే మాత్రం కొన్నాళ్లకు నిజంగానే కాళ్లు పట్టేస్తాయి.

తుకారాం గారికి కూడా చెప్పండి. నెగటివ్ వచ్చిందని గర్వపడాల్సిందీ లేదు, పాజిటివ్ వచ్చిందని కుంగిపోవాల్సిందీ లేదు. ఏ బాధా లేని మనిషికి ఈ పరీక్ష చేస్తే వచ్చే ఫలితానికి అర్థం చాలా తక్కువ. ఇంకా నా మాట మీద నమ్మకం కుదరకపోతే అక్కడే ఒక మంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చూపించాల్సింది రిపోర్టు కాదు, మిమ్మల్ని.

వందనాలతో,
జెరూషా

తా.క. అత్తయ్యా, మూత మీద కాసిని వేడినీళ్లు పోయండి, వదులవుతుంది. నేనూ అలాగే తీస్తాను. అంతమందికి టీ పోశాక ఎవరి చేతులకైనా నొప్పి వస్తుంది. ఓ రెండు రోజులు పని తగ్గించుకోండి.

*

కార్ఖానా, సికింద్రాబాద్
జూన్ 30

చిరంజీవి జెరూషాకు,

శుభములు. ఈసారి ఆలస్యంగా రాయిస్తున్నాను. ఈ మధ్య ఇక్కడ చాలా జరిగాయి, అన్నీ నీ సలహా పాటించినందువల్లే.

ఇంకోచోట చూపించుకోమన్నావు కదా. బేగంపేటలో ఇంకో ల్యాబు ఉందంటే ఆటో కట్టించుకుని వెళ్లాను. అక్కడ ఏఎన్‌ఏ నెగటివ్ వచ్చింది! రిపోర్టు పట్టుకుని ఆటోలోనే స్తోత్రం చెప్పాను. పాస్టరు గారికి చూపిస్తే "అన్నా, ఇది సంఘానికి చెప్పాల్సిన సంగతి" అన్నారు. తర్వాతి ఆదివారం లేచి నిలబడి స్వస్థత సాక్ష్యం చెప్పాను. చాలా బాగా చెప్పానని అందరూ అన్నారు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

అంత మంచి సమయంలో మీ అత్తయ్య నా పరువు తీసింది. సాక్ష్యం తర్వాత కృతజ్ఞతా కీర్తనకు హార్మోనియం మీద ఒక్క పాదం కూడా తిన్నగా పలికించలేదు. పై స్వరాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తీసేసింది. పెళ్లయిన ఏడాది నుంచి ప్రతి ఆదివారం వాయిస్తున్న మనిషి! ఇంటికొచ్చాక "సాధన లేకపోతే ఇంతే" అన్నాను.

ఇక్కడితో ఆగితే బాగుండేది. తుకారాం గారు "ఒక్కపారి మొదటి ల్యాబుల సుత చూపియ్యిండ్రి సార్, పక్కా అయితది" అన్నాడు. సరే అని ఇచ్చాను. ఒకటికి నూట అరవై వచ్చింది. ఎనభై నూట అరవై అయిందంటే రెట్టింపు కదా, ఆ లెక్క నాకు తెలుసు. ఇప్పుడు సంఘ పెద్దలు కూర్చుని నా సాక్ష్యాన్ని ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా అని చర్చిస్తున్నారు. ఒక పెద్దమనిషి, బేగంపేట ల్యాబు వరకు మాత్రం స్వస్థత కలిగినట్టు రాసుకుందాం అన్నాడు. నా పరిస్థితి ఎవరికీ రాకూడదు.

మళ్లీ మంచం ఎక్కాను. నిన్న తుకారాం గారు వచ్చి నన్నూ, మీ అత్తయ్యనూ మార్చి మార్చి చూసి, "ఏంది సార్, మంచంల మీరు పన్నరు, చేతులు అమ్మయి వాచినయ్. గిదేం లెక్క?" అన్నాడు. ఆమె రిపోర్టు తెప్పించి చూపించాను. ప్రతి వరుసలోనూ నెగటివ్ అని ఉంది. అయినా తల గోక్కుంటూనే వెళ్లాడు. అతనికి రిపోర్టు చదవడం రాదు.

ఇక్కడి నుంచి రాత మారింది చూశావా? రాస్తున్నది నేనే. మీ అత్తయ్య మధ్యలో పెన్ను కింద పెట్టేసి "ఇంక నావల్ల కాదండీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. బద్ధకం. జబ్బుతో ఉన్నవాణ్ణి నాచేత రాయిస్తోంది. ఒకటికి నూట అరవై గురించి నీ అభిప్రాయం వెంటనే రాయి.

నీ మేలు కోరే,
మామయ్య పేతురు

*

విశాఖపట్నం
జూలై 6

ప్రియమైన అత్తయ్యకు,

జెరూషా వందనాలు. మామయ్యా, ఈ ఉత్తరం మీకు కాదు. అత్తయ్యకు చదివి వినిపించండి. మధ్యలో వ్యాఖ్యానం వద్దు.

అత్తయ్యా, ఈసారి ఉత్తరంలో మీ తాజా కలం లేదు. ఆఖరి పేజీ తిప్పి వెనకాల కూడా చూశాను. మీ మాట లేకుండా ఉత్తరం అయిపోవడం నాకు బాగా అనిపించలేదు. పాత ఉత్తరాలు తీసి, మామయ్య చెప్పిందంతా వదిలేసి, మీరు కింద రాసిన నాలుగు ముక్కలూ వరసగా చదివాను.

పొద్దున్నే వేళ్లు కొయ్యబారిపోతున్నాయని రాశారు. పదకొండుదాకా సర్దుకోవడం లేదని రాశారు. డబ్బా మూత తిరగడం లేదని రాశారు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి నా ముందు ఈ మాటలు అంటే మరుక్షణం చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. మీరు అంటే కళ్లజోడు మార్చుకోమన్నాను. మూత మీద వేడినీళ్లు పోయమన్నాను.

ఎందుకలా చేశానో నాకు తెలుసు. మీ రిపోర్టు నెగటివ్ అని మామయ్య మొదటి ఉత్తరంలోనే రాయించారు. అది చదివిన క్షణం నుంచి మీ గురించి ఆలోచించడం మానేశాను. కీళ్లవాతం ఉన్న నలుగురైదుగురిలో ఒకరికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్షలో ఏమీ కనబడదని మెడికల్ కాలేజీ పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. కుక్క మొరిగినంత మాత్రాన దొంగ పడినట్టు కాదని మామయ్యకు రాశాను. మొరగకపోయినా పడొచ్చని రాయలేదు. మీకు కావలసిన ముక్క అదే. రిపోర్టులకు వైద్యం చెయ్యనని అందరి దగ్గరా గొప్పలు చెప్పుకుంటాను, చివరికి మిమ్మల్ని చూడకుండా మీ రిపోర్టునే చూశాను. నన్ను క్షమించండి అత్తయ్యా.

ఇలాంటి జబ్బుకు మొదటి నెలల్లో మందు పడితే వేళ్లు దక్కుతాయి. ఆ నెలల్ని నేను మామయ్యతో వాదిస్తూ గడిపేశాను. దానికి నేనెంత బాధపడుతున్నానో చెప్పలేను.

ఫోన్ చేస్తే మీరు "నాకేం లేదమ్మా" అంటారు, వెనకాల నుంచి మామయ్య ఒకటికి నూట అరవై అంటారు. అందుకని నేనే వస్తున్నాను. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగుతాను. నేను వచ్చేదాకా ఏ పనీ చెయ్యకండి. నాకు టీ కూడా పెట్టకండి.

మీ మేనకోడలు,
జెరూషా

తా.క. మామయ్యా, స్టేషనుకు మీరే రండి. ఎండగా ఉన్నా సరే.

*

కార్ఖానా, సికింద్రాబాద్
సెప్టెంబరు 2

చిరంజీవి జెరూషాకు,

నీ మేనత్త దేవకృప కుర్చీలో కూర్చుని చెప్పగా, మామయ్య రాస్తున్న ఉత్తరం ఇది. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాట ఇచ్చారు. నువ్వు వచ్చి వెళ్లాక రాస్తున్న మొదటి ఉత్తరం కదా, ముందు నీకు ఊరట కలిగే మాట చెబుతాను. మందు పనిచేస్తోంది. వారానికి ఒక్కసారే వేసుకోమన్న మాత్రల్ని మీ మామయ్య తన దగ్గర తాళం వేసి పెట్టుకుని, ఆదివారం ఆరాధన కాగానే ఇస్తున్నారు. లివరు కోసం నువ్వు రాసిన రక్తపరీక్షలు కూడా చేయించాం. వాటిని మాత్రం ఆయన చదవకుండా నీకే పంపిస్తున్నారు. (చదివాను. బాగున్నాయి.) చూశావా, మాట ఇచ్చాక కూడా మధ్యలో దూరుతున్నారు.

వాపు చాలా తగ్గింది. పొద్దున్నే అరగంటలో వేళ్లు కదులుతున్నాయి. కాఫీ డబ్బా మూత నేనే తీసుకుంటున్నాను. కుడిచేతి చివరి రెండు వేళ్లు మాత్రం వంగినవి వంగినట్టే ఉన్నాయి. అవి ఇంక నిటారుగా రావని నువ్వు చెప్పేటప్పుడు నా మొహం చూడలేకపోయావు, గోడ మీద క్యాలెండరు చూస్తూ చెప్పావు. దాని గురించే ఈ ఉత్తరం.

నువ్వు నన్ను తలుచుకుని బాధపడుతున్నావని సైలస్ ఫోన్ చేసి చెప్పాడు. గుడిలో హార్మోనియం వేరేవాళ్లకు అప్పగించాననీ, అది నీ తప్పేననీ అంటున్నావట. అప్పగించిన మాట నిజం. మొదటి ఆదివారం ఏడుపొచ్చింది, అదీ నిజం. కానీ జెరూషా, తప్పు లెక్కపెట్టడానికి కూర్చుంటే వరసలో నీకంటే ముందు చాలామంది ఉన్నారు, నాతో సహా. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ మామయ్యకు కూడా ఇది ఇప్పుడే తెలుస్తోంది, ఎందుకంటే ఇప్పుడే రాస్తున్నారు.

ఆ రోజు శిబిరానికి వెళ్దామన్నది ఆయన కాదు, నేను.

ఇక్కడ ఆయన పెన్ను ఆపారు. ఆపారని కూడా రాయమన్నాను.

నా వేళ్ల నొప్పి అంతకు ముందు వానాకాలంలోనే మొదలైంది. బట్టలు పిండలేకపోయేదాన్ని. ఆయనతో ఒకటి రెండుసార్లు అన్నాను. "వానకి" అన్నారు, వానలు పోయాక "వయసుకి" అన్నారు. అప్పుడు టెంటు వేశారు. ఒంటరిగా వెళ్లాలంటే భయం వేసింది. నీకిది ఉందమ్మా అని ఎవరైనా చెబితే ఆ మాట వినేటప్పుడు పక్కన ఒకరుండాలి కదా. జంటగా వస్తే ఒకరికి ఉచితం అని బోర్డు మీద రాసి ఉంది. ఆ మాట చెబితే ఈయన చొక్కా వేసుకుని నాకంటే ముందు నడిచారు. ఉచితంగా చేసింది ఆయనకే, జెరూషా. నేను నా చేతుల కోసం వెళ్లాను. ఆయన నాకు తోడుగా వచ్చారు.

అక్కడ "ఎందుకొచ్చావమ్మా" అని ఒక్కరు అడగలేదు. అడిగితే చెబుదామని ఇంటి దగ్గర నుంచి మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. చెయ్యి చాపమన్నారు. ఏ చెయ్యి నొప్పి పుడుతోందో ఆ చేతికే సూది గుచ్చి రక్తం తీసుకుని, తర్వాత ఎవరు అన్నారు. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది, ఏమీ లేదని. అప్పుడు నాకు ఇంకో రకం భయం పట్టుకుంది. ఏమీ లేకుండానే నేను నొప్పి అంటున్నానా? అంత పెద్ద మిషన్లో తేలని నొప్పిని నేను ఉందంటే ఎవరైనా నవ్వరా? కాగితం నాకంటే చదువుకున్నది కదా అనుకుని నోరు మూసుకున్నాను. ఆయనకు పాజిటివ్ వచ్చాక ఇంక నా నొప్పి గురించి చెప్పడం బాగోదనిపించింది. ఊరుకోబుద్ధి కాక నీకు కింద రెండు ముక్కలు రాసేదాన్ని. గట్టిగా ఒక్క మాట రాసి ఉంటే నువ్వు ఆనాడే వచ్చేదానివి. నవ్వులాటగా రాశాను. అది నా తప్పు, దాన్ని నువ్వు తీసుకోవద్దు.

పాస్టరు గారు ఈసారి ప్రార్థన మనవుల్లో నా పేరు పెడతామన్నారు. వద్దన్నాను. పేరు పెడితే కూడిక పెడతారు, కూడిక పెడితే నలభైమందికి టీ. ఇప్పుడు ఆ టీ మీ మామయ్య చెయ్యాలి, సంఘం ఏం పాపం చేసింది?

నీ చేతుల్ని తలుచుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. ఆ రోజు నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి నొక్కి చూశావు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏ పని చేస్తే అని అడిగావు. వైద్యం ఆ పూటే మొదలైందనిపించింది నాకు.

నీ మేనత్త,
దేవకృప

తా.క. ఇది నేను, మామయ్యను. ఆమె లోపలికి వెళ్లింది. పైన నా దస్తూరీ ఒకచోట తడిసింది, చదవడానికి ఇబ్బందైతే ఏమనుకోకు. స్కూల్లో అంతమంది పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టుల మీద సంతకం పెట్టాను, పిల్లవాణ్ణి పిలిచి ఎలా ఉన్నావురా అని అడిగినట్టు గుర్తు లేదు. ఇంట్లో కూడా అదే పని చేశాను. చాలా సిగ్గుగా ఉంది. ఇప్పుడే వంటింటి గడప దాకా వెళ్లి "దేవకృపా, ఎలా ఉంది నీకు?" అని అడిగాను. "వెనకాల నిలబడి అడిగేకంటే ఆ గరిటె అందుకోండి, పప్పు మాడుతోంది" అంది. మాడింది.